గార తీసిన పళ్ళు

మానొద్దు తల్లీ. రక్తం వస్తోందని బ్రష్ పక్కన పెడితే రేపు ఇంకా ఎక్కువ వస్తుంది. మెత్తటి బ్రష్ ఒకటి తెచ్చుకుని, పన్నూ చిగురూ కలిసే చోట కొంచెం వంచిపెట్టి, నిదానంగా తోము. కొన్నాళ్ళు చూసి, తగ్గకపోతే మీ బెంగళూరులోనే ఎవరైనా పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళు. నువ్వు ఫోనులో అడిగినప్పుడు ఇంతే చెప్పాను. నువ్వు "సరే జేజీ" అని పెట్టేశావు.

నువ్వు పెట్టేశాక నేను ఒలుస్తున్న శనక్కాయలు అలాగే వదిలేసి కూర్చుండిపోయాను. "రెండు దినాలు మానేసేదా?" అని నువ్వు అడిగావు చూడు, అచ్చం అదే మాట చాలా ఏళ్ళ కిందట ఇంకొకామె అడిగింది. ఆమె గురించి నీకూ నీ తమ్ముడికీ ఎప్పుడూ చెప్పలేదు. మీ నాన్నకూ చెప్పలేదు. ఫోనులో చెబుదామంటే నా గొంతు మీకు ఆనదు. "గట్టిగా మాట్లాడు జేజీ" అంటాడు నీ తమ్ముడు. గట్టిగా చెప్పగలిగే సంగతి కాదిది. అందుకే రాస్తున్నాను. ఇద్దరూ చదవండి.

మీ నాన్న మీకు జేజి నర్సు అని చెప్పి ఉంటాడు. నర్సును కాను. పళ్ళ డాక్టరు పక్కన ఉండి, పళ్ళకు పట్టిన గార తీసి, ఎలా తోముకోవాలో నేర్పే మనిషిని. హైజీనిస్టు అంటారు. ప్రొద్దుటూరులో ఆ మాట ఎవరికీ నోరు తిరగదు. "పండ్లు కడిగే మేడమ్" అనేవాళ్ళు. పెళ్ళిళ్ళలో చుట్టాలు నన్ను పరిచయం చేసేటప్పుడు మాత్రం "ఆసుపత్రిలో పని" అని అక్కడికి ఆపేసేవాళ్ళు. ఊరి వాళ్ళ నోళ్ళు కడగడం ఇంకా పెళ్ళిళ్ళలో చెప్పుకునే పని కాలేదు మరి. ఆసుపత్రి పేరు ఎందుకులే. ఇప్పుడు అక్కడ వేరే మనుషులున్నారు.

మా గదిలో ముగ్గురం. డాక్టరమ్మది గుంటూరు వైపు. వచ్చిన కొత్తలో మన వాళ్ళ మాట విని బెదిరిపోయేది. ఒకాయన వచ్చి, "ఏంది మేడమ్, దవడ ఇంత లావు వాచిండాది, మీరు గమ్మున సూస్తాండారు!" అంటే ఆమె నా వైపు తిరిగి, "ఈయన తిడుతున్నాడా, చెబుతున్నాడా?" అని అడిగింది. "చెప్తాండాడు మేడమ్" అన్నాను. కొన్నేళ్ళకు ఆమే "యాడ నొస్తాంది నాయనా?" అని గుంటూరు యాసలో అడిగితే, నొప్పితో వచ్చినవాళ్ళు కూడా నవ్వేవాళ్ళు.

మూడో మనిషి అటెండరు. నాకంటే పెద్దవాడు, అయినా నన్ను అక్కా అనేవాడు. ప్లాస్టిక్ దవడ బొమ్మ పట్టుకుని, బయట బెంచీల మీద కూర్చున్నవాళ్ళకు తోముకునే పద్ధతి చూపించడం ఆయన పని. మధ్యమధ్యలో కిటికీ దగ్గరికి పోయి పొగాకు ఉమ్మి వచ్చేవాడు.

"ముందు నీ నోరు బాగు చేసుకోవయ్యా" అని డాక్టరమ్మ కోప్పడితే, "నా నోరు సూపించే గదా మేడమ్ జనాన్ని భయపెడతాండేది. ఇది బాగైపోతే ఇంగేం సూపించేది?" అనేవాడు.

చిగుళ్ళ జబ్బుకు ఒక చెడ్డ గుణం ఉంది. మొదట్లో నొప్పి పుట్టదు. పన్ను పుచ్చితే మనిషి దవడ పట్టుకుని పరుగెత్తుకొస్తాడు. చిగురు చెడితే కాస్త రక్తం, కాస్త వాసన, అంతే. మన వైపు నొప్పికి ఉన్న మర్యాద రక్తానికి లేదు. పాచి గట్టిపడి గార అవుతుంది. గార పక్కన చిగురు వాస్తుంది. లోపల ఎముక కొంచెం కొంచెంగా తగ్గిపోతుంది. పన్ను కదిలిన రోజు వస్తారు, అప్పటికి చాలా పోయి ఉంటుంది. డాక్టరమ్మ ప్రతివాళ్ళకూ ఒకటే చెప్పేది: "ఇది బీపీ లాంటిది, షుగరు లాంటిది. నయం చేసి పంపించెయ్యలేను. అదుపులో పెట్టుకోవాలి. మేం చేసేది సగం, ఇంటి దగ్గర మీ చెయ్యి రోజూ చేసేది సగం."

ఈ మాట ఎవరికీ నచ్చేది కాదు. మందు అడిగేవాళ్ళు, సూది అడిగేవాళ్ళు. రోజూ తోముకోమని చెప్పడానికి అంత చదువుకున్న డాక్టరు ఎందుకు అనేవాళ్ళు. పైగా గార తీస్తే పళ్ళు ఊడతాయని ఊరంతా నమ్మకం. కలమల్ల నుంచి కరెంటు ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు షిఫ్టు దిగి వచ్చేవాళ్ళు. వాళ్ళలో ఒకాయన కుర్చీలో కూర్చుని నన్నే ఎదురు ప్రశ్న వేశాడు.

"గోడకు గార గీకేస్తే రాళ్ళు నిలబడతాయా మేడమ్? మా మామ ఇట్లనే గీకించుకున్న్యాడు. శానా బాగుండాయి అనుకుంటాండగానే అన్నీ ఊడిపాయ."

ఆ మామ పళ్ళ కింద ఎముక ఎప్పుడో పోయి ఉంటుంది. గార మాత్రం వాటిని పట్టుకుని ఉన్నట్టు పైకి కనిపిస్తుంది. తీశాక పన్ను కదిలితే తప్పు తీసిన చేతిది.

ఇక ఆమె సంగతి.

ఒక ఎండాకాలం పొద్దున అత్తాకోడళ్ళు వచ్చారు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో పెద్ద అంగడి వాళ్ళది. కోడలి పుట్టిల్లు జమ్మలమడుగు. ముప్పై దాటి ఎంతో కాలం అయి ఉండదు. చిన్న కూతురు ఉంది. మాట్లాడేటప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. అసలు మాట్లాడిందే తక్కువ, అన్నిటికీ అత్తే జవాబు చెప్పింది.

"పాప పుట్టినప్పటి నుంచి ఇంతే మేడమ్. తోమితే సాలు, నెత్తర వస్తాది. అందుకే నేనే మానెయ్యమంటి."

"ఏం మానెయ్యమన్నారు?" అంది డాక్టరమ్మ.

"బ్రష్షే. యేలితో రవ్వంత పొడి పూసుకోని పుక్కిలిస్తాది."

"రక్తం వస్తే ఇంకా బాగా తోమాలి కదమ్మా. మానేస్తే ఎలా?"

అత్త మా ఇద్దరినీ పిల్లల్ని చూసినట్టు చూసింది. "మా ఇంట్లో పొద్దున్నే నైవేద్యం పెట్టల్ల. వండేది ఈ అమ్మినే. నోట్లో నెత్తర పడితే మైల గదా? మైల నోటితో మడి వంట ఎట్ల చేస్తాది? తోమకుంటే నెత్తర రాదు. నెత్తర రాకుంటే మైల లేదు."

నా ఉద్యోగంలో ఎన్నో మూఢత్వాలు విన్నాను. ఇది మూఢత్వం కాదు, అదే దాని కష్టం. ఆమె లెక్క ఆమెకు సరిగ్గా ఉంది. తోమనందుకు రక్తం వస్తోంది. రక్తం వస్తోందని తోమడం లేదు. ఆ చక్రంలో కోడలి చిగుళ్ళు ఉబ్బి, పైన ముందు పళ్ళు రెండు ఒకదానికొకటి దూరం జరిగాయి. వేలితో నొక్కితే చీము కనిపించింది.

అత్త అంతటితో ఆగలేదు. తన కట్టుడు పళ్ళ సెట్టు తీసి అరచేతిలో పెట్టి చూపించింది. "ఇదో, పొద్దున్నే తీస్తా, కడుగుతా, పెట్టుకుంటా. నెత్తర లేదు, వాసన లేదు. దేవుని గదిలో రాగి చెంబు ఎట్లనో ఇదీ అట్లనే. శుద్ధం."

అటెండరు తలుపు దగ్గర నుంచి, "అట్లయితే అందరివీ పెరికేస్తే పాయ గదా పెద్దమ్మా, మాకు శ్రమ తప్పుతాది!" అన్నాడు. ఆమె నవ్వింది. మేమూ నవ్వాం. అది నవ్వులాట మాటే అప్పటికి.

ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ చెప్పింది: "ఎముక తగ్గింది. కానీ ఒకటి రెండు తప్ప అన్నీ నిలుస్తాయి. వయసు చిన్నది, షుగరు లేదు. చేద్దాం."

ఆ రోజు నోట్లో ఒక మూల తిమ్మిరి సూది వేసి చిగురు లోపలి దాకా శుభ్రం చేశాం. లేవబోతూ ఆమె మొదటిసారి తనంతట తాను నోరు తెరిచి నన్ను అడిగింది. "ఇంటికి పోయినాక తోమితే మళ్ళా వస్తాది గదా మేడమ్. రెండు దినాలు మానేసేదా?"

అత్తను ఒప్పించడానికి డాక్టరమ్మ ఒక దారి కనిపెట్టింది. రాత్రి అన్నం తిన్నాక బాగా తోమాలి, సందుల్లో చిన్న బ్రష్షు పెట్టి తీయాలి. పొద్దున నైవేద్యం అయిపోయాక ఇంకోసారి. వంటకు ముందు మాత్రం నీళ్ళతో పుక్కిలిస్తే చాలు. అత్త "సరే. రాత్రి దేవుడు పండుకోనుంటాడులే" అంది.

పళ్ళ సందుల్లో పెట్టే ఆ చిన్న బ్రష్షు అందరి చేతికీ ఒక పట్టాన రాదు. అద్దం పట్టుకుని, ఆమె చెయ్యి మీద నా చెయ్యి వేసి నేర్పాను. ఆమెకు తొందరగా పట్టుబడింది. సన్నటి గొలుసుల చిక్కులు తీసిన వేళ్ళు కదా. తర్వాతి నుంచి మధ్యాహ్నాలు ఆటోలో ఒక్కతే వచ్చేది. అత్త లేకపోతే బాగా మాట్లాడేది, జమ్మలమడుగు మాట గలగలా పారేది.

"మా ఆయప్ప నగ మీద సన్న గీత ఉంటే అంత దూరం నుంచి కనుక్కుంటాడు మేడమ్. నా పండ్లు ఇట్ల ఎడం అయినాయని ఇంతవరకు సూడలే" అని మొగుణ్ణి తలుచుకుని నవ్వింది ఒకసారి. నవ్వేటప్పుడు కొంగు మర్చిపోయింది.

ఇంకోసారి గార తీస్తుంటే నా చెయ్యి ఆపి చెప్పింది. "అంగట్లో నాకు మాట లేదు. ఇంట్లో అత్త మాట నడుస్తాది. పొద్దున్నే దేవుని గదిలో, పొయ్యి కాడ మాత్రమే నేను. ఆ పొద్దు నేను వండింది పెడితే గాని ఇంట్లో ఎవురూ నోట్లో ఏమీ వేసుకోరు. ఆ వంట నా చేతిలో నుంచి పోతే నాకు ఆడ ఇంగేముంది మేడమ్?"

అప్పుడు నాకు అర్థమైంది, ఆమె మా దగ్గరికి పళ్ళ కోసం ఒక్కటే రావడం లేదని. మాకు పళ్ళు నిలబెట్టాలి. ఆమెకు పొయ్యి దగ్గర తన చోటు నిలబడాలి. రెండిటికీ మందు ఒకటే కాబట్టి అందరం ఒకే దారిలో ఉన్నామనుకున్నాం.

నెలలు గడిచాయి. చిగురు గట్టిపడింది, రంగు తిరిగింది. ఒకరోజు లోపలికి వస్తూనే, "మేడమ్, ఉమ్మితే తెల్లగా వచ్చింది!" అంది. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి వచ్చి ఆమె భుజం తట్టింది. అటెండరైతే బయట బెంచీల వాళ్ళకు చాటింపు వేశాడు. ఆ వారం ఆయన పొగాకు కూడా మానేశాడు. ఆ వారం మాత్రమే.

కానీ నేను ముందే చెప్పాను, ఇది అదుపులో పెట్టుకోవాల్సిన జబ్బు. కొన్ని నెలలకొకసారి రావాలి, చూపించుకోవాలి, లోపల చేరింది తీయించుకోవాలి. ఆ ఏడు మా గార తీసే యంత్రం పాడైంది. బాగు చేసేవాడు కడప నుంచి రావాలట. అతను వచ్చి చూసి, సామాను తిరుపతి నుంచి రావాలన్నాడు. "మొక్కుకోని గుండు కొట్టించుకుంటే బిన్నా వస్తాదేమో మేడమ్" అన్నాడు అటెండరు. చేతి పనిముట్లతో ఎంతమందికని తీస్తాం? బాగా ఉన్నవాళ్ళను తర్వాత రమ్మన్నాం. ఆమె బాగా ఉన్నవాళ్ళలో ఒకతె.

అంతలో కార్తీకం వచ్చింది. ఆ ఇంట్లో కార్తీకమంటే తెల్లవారక ముందే తలస్నానం, దీపాలు, పగలంతా ఉపవాసం, చుక్క చూశాక అన్నం. తిన్నాక మనిషికి చెయ్యెత్తే ఓపిక ఉండదు. రాత్రి తోముకోవడం తప్పింది. ఒక రాత్రి తప్పితే రెండో రాత్రి సులువు అవుతుంది. ఇది మన అందరికీ తెలిసిందే.

ఒక సోమవారం బంధువులందరూ వచ్చిన పొద్దున, పొంగలి దించుతూ ఆమె మడి చీర కొంగుతో పెదవి తుడుచుకుంది. తెల్లటి కొంగు మీద ఎర్రగా చుక్క. అత్త చూసింది. వండిందంతా తీసుకెళ్ళి దొడ్లో పోశారు. కసరలేదు, తిట్టలేదు. ఆమె మామ చెప్పులేసుకుని అంగడికి పోయాడట, తినకుండా. ఇంటినిండా జనం, పొయ్యి మీద ఏమీ లేదు, అత్త మళ్ళీ స్నానం చేసి వచ్చి తనే వండిందట.

ఇదంతా ఆమె మా దగ్గర కూర్చుని చెప్పింది. ఏడవలేదు. డాక్టరమ్మను సూటిగా అడిగింది. "మళ్ళా రాకుండా చెయ్యండి మేడమ్."

"చేస్తానమ్మా. వారం వారం రా. మళ్ళీ మొదట్లో లాగే తగ్గిపోతుంది."

"తగ్గితే మళ్ళా వస్తాదా?"

"నువ్వు తోముకుంటూ, ఇక్కడికి వస్తూ ఉంటే రాదు."

"ఎప్పటికీ రాదా?"

డాక్టరమ్మ గ్లవ్స్ విప్పి బుట్టలో వేసింది. "ఎప్పటికీ అని చెప్పలేనమ్మా. ఎవరూ చెప్పలేరు. రోజూ చూసుకోవాలి. జీవితమంతా."

ఆమె "సరే మేడమ్" అని లేచింది. కొంగు మళ్ళీ నోటి దగ్గరికి వెళ్ళింది. తర్వాతి వారం రాలేదు. నేను ఇంటికి ఫోన్ చేస్తే అత్త తీసింది. "వస్తాదిలే మేడమ్, వస్తాది. మీరు శానా కష్టపడినారు దానికి" అంది, మర్యాదగా.

కార్తీకం పోయి కొంతకాలానికి ఆ మామ తన తల్లి పేరు మీద పులివెందులలో ఉచిత పళ్ళ శిబిరం పెట్టించాడు. ఆ తల్లి పుట్టిల్లు అటువైపు. పనికిరాని పళ్ళు ఉచితంగా తీసి, చిగుళ్ళు మానాక కట్టుడు సెట్లు ఇస్తారు. ముసలివాళ్ళకు అది నిజంగా మంచి పనే, కాదనను. బయటి నుంచి సర్జనును పిలిపించారు. మమ్మల్నీ సాయానికి పంపించారు. ఒక కల్యాణ మండపంలో కుర్చీలు వేశారు. గేటు దగ్గర బల్ల వేసుకుని వచ్చినవాళ్ళ నోళ్ళు చూసి, ఎవరికి ఏం కావాలో చెప్పడం నా పని. డాక్టరమ్మ లోపల ఇంకో మూల ఉంది.

చక్రాయపేట వైపు పల్లెల నుంచి కూడా ట్రాక్టర్లలో వచ్చారు. వచ్చారు గాని కుర్చీ ఎక్కేవాళ్ళు లేరు. పై పళ్ళు పీకితే కళ్ళు పోతాయని భయం. ఒకరి వెనక ఒకరు నక్కుతున్నారు.

"నువ్వు పో మామా."

"నాకేమప్పా, ఉండేదే ఒక కన్ను. నువ్వే పో."

మైకు గరగరమంది. పెద్దాయన గొంతు. "భయమేలప్పా? పండ్లు తీస్తే కండ్లు పోతాయని ఎవురు చెప్పినారు? ఇంగొకరు యాల, మా ఇంటి కోడలే ముందర కూర్చుంటాది. మీ కండ్లతోనే సూడండి!"

నా బల్ల ముందు నోరు తెరిచి ఉన్న ముసలామె నోరు మూసి, పక్కామెతో, "సూడు మే, అంత పెద్దింటి కోడలే కూర్చుంటాంటే మనదేముండాది" అంది. నేను లేచి లోపలికి నడిచాను. పరుగెత్తానని చెప్పుకోవాలని ఉంది. జనంలో పరుగెత్తడం కుదరలేదు.

అప్పటికే సూదులు వేసేశారు. ఆమె కుర్చీలో వెనక్కి వాలి ఉంది, బుగ్గల నిండా దూది. అత్త పక్కన నిలబడి నుదుటి మీద చెయ్యి వేసి నిమురుతోంది. డాక్టరమ్మ సర్జనుతో వాదిస్తోంది.

"ఈవిడ నా పేషంటు. ఈ పళ్ళు నిలుస్తాయి."

ఆయన చెడ్డవాడు కాదు. తెలియనివాడూ కాదు. "నిలుస్తాయి మేడమ్, నేనూ చూశాను. కానీ ఎంత కష్టపడితే నిలుస్తాయి? జీవితమంతా వీటినే కనిపెట్టుకుని ఉండాలి. వీళ్ళకు ఆ బాధ వద్దట. ఇంటిల్లిపాదీ వచ్చి అడిగారు. ఇవాళ పైవి, ఇవి మానాక కిందివి తీయడానికి ఒప్పుకున్నారు."

"ఎవరు ఒప్పుకున్నారు?"

దానికి అత్త జవాబు చెప్పింది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి, నిజమైన నీళ్ళు. "ఇంగ నా కోడలికి మైల అనే మాటే లేదు మేడమ్. నా మాదిరి నిమ్మలంగా ఉంటాది. ఎన్నాళ్ళని ఆ నెత్తర చూసుకోని భయపడల్ల పాపం?"

ఆమెను నేను ఎన్నోసార్లు తిట్టుకోవాలని చూశాను. కుదరలేదు. ఆ పిల్లను ఆ ఇంట్లో ప్రేమించిన మనిషి ఎవరైనా ఉంటే ఆమే.

నేను కుర్చీ మీదికి వంగాను. "అమ్మా, నువ్వే ఒప్పుకున్నావా? వీళ్ళు చెప్పినారని కూర్చున్నావా? వద్దనుకుంటే తల అడ్డంగా ఊపు, సాలు. మేం ఆపిస్తాం."

ఆమె నన్ను చూసింది. మాట్లాడటానికి నోరు లేదు, దూది నిండి ఉంది, పెదవి మొద్దుబారి ఉంది. అత్త చెయ్యి నుదుటి మీదే ఉంది. తల ఊపాలన్నా ఆ చెయ్యి కింద ఊపాలి. నన్ను కాసేపు అలాగే చూసి కళ్ళు మూసుకుంది. ఒప్పుకున్నట్టా, ఇక చాలన్నట్టా? సూది వేసినప్పుడు ఎవరైనా మూసుకున్నట్టే మూసుకుందా?

పెద్దాయన మైకులో అన్నాడు: "సూస్తాండారు గదా!"

జనం చప్పట్లు కొట్టారు. పై పళ్ళు ఒక్కొక్కటే స్టీలు పళ్ళెంలో పడ్డాయి. ఆ రోజు ఆ పళ్ళెంలో తర్వాత చాలామంది పళ్ళు పడ్డాయి, నల్లవి, గార కట్టినవి, పొగాకువి. ఈమెవి మాత్రం వేర్ల దాకా తెల్లగా ఉన్నాయి. వాటిని అలా చేసింది నేనూ, ఆమే. పళ్ళెం తీసుకుపోవడానికి వచ్చిన అటెండరు వాటిని చూసి, తన భుజం మీది తువ్వాలు కప్పి తీసుకుపోయాడు.

కళ్ళు పోలేదని నమ్మకం కుదిరి, మధ్యాహ్నానికి కుర్చీల ముందు వరుస రోడ్డు దాకా పెరిగింది. శిబిరం బాగా జరిగిందని అందరూ అన్నారు. తిరిగి వచ్చేటప్పుడు జీపులో డాక్టరమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుని అడిగింది. "ఆ రోజు నేను 'ఎప్పటికీ రాదు' అని ఒక్క అబద్ధం చెప్పి ఉంటే ఆ పళ్ళు నిలిచేవా?" మేం చెప్పగలిగింది ఒక్కటే, రోజూ పాటుపడమని. వాళ్ళు ఇవ్వగలిగింది ఎప్పటికీ అనే మాట. ఏ అంగట్లోనైనా ఏది అమ్ముడుపోతుందో మీకు తెలుసు.

ఇది చదివి మీరు అత్తదీ మామదీ తప్పంటారు. అనండి. నాకు మాత్రం ఇంకో చేదు ఉంది. మేం ముగ్గురం ఆమె చిగుళ్ళను గెలిచామనుకుని సంబరపడుతున్న నెలల్లో, ఆమె ఇంట్లో ఆమె నోటిని గురించి మాట్లాడే హక్కు ఆమెకు ఉందో లేదో మాకు చూడాలని తోచలేదు. మాకు చదువు నేర్పినవాళ్ళు పన్నూ చిగురూ కలిసే చోటు దాకానే నేర్పారు.

తర్వాత ఆ ఏడే డాక్టరమ్మకు బదిలీ అయింది. కిందివీ తీశాక ఆ కోడలికి సెట్టు వచ్చింది. ముప్పై ఏళ్ళ ముఖానికి అది బాగా అమరింది, చూసినవాళ్ళు పోల్చుకోలేరు. కొన్నాళ్ళకు కింద ఎముక అరుగుతుందని, సెట్టు వదులై జారుతుందని, మళ్ళీ మళ్ళీ మార్చాలని నేను చెప్పలేదు. ఎవరూ అడగలేదు. పొద్దున్నే నైవేద్యం ఆమే వండుతోందని మాత్రం తెలిసింది. ఆ చోటు ఆమెకు నిలబడింది.

నేను రిటైరవడానికి ముందు, ఆమె మళ్ళీ మా ఆసుపత్రికి రావడం మొదలుపెట్టింది. తన కోసం కాదు. కూతురిని తీసుకుని వచ్చేది. ఆ పిల్ల నోట్లో ఏమీ లేదు, అందరి పిల్లలకూ ఉండేంత పాచి. అయినా చెప్పిన రోజుకు తప్పకుండా వచ్చేది. యంత్రం లేకపోతే చేత్తోనే తీయమనేది. కూతురి గడ్డం పట్టుకుని, వెలుతురు వైపు తిప్పి, బ్రష్షు ఎలా వంచిపెట్టాలో నేను ఒకప్పుడు ఆమెకు నేర్పినట్టే నేర్పేది.

ఒక మధ్యాహ్నం గదిలో మేం ముగ్గురమే ఉన్నాం. పిల్ల కుర్చీలో నోరు తెరుచుకుని ఉంది. ఈమె అద్దం పట్టుకుని ఉంది. కొంగు లేదు, దూది లేదు, అత్త లేదు. ఇక అడగకపోతే ఎప్పుడూ అడగలేననిపించి, గొంతు తగ్గించి, పులివెందులలో అడిగిందే మళ్ళీ అడిగాను.

ఆమె అద్దం కొంచెం పక్కకు వంచింది. "ఈ పక్క సందులో ఇంగా రవ్వంత ఉండాది మేడమ్. సూడండి" అంది.

చూశాను. నిజంగానే ఉంది. తీశాను. ఆమె పిల్లను దించి, గౌను సర్ది, నాకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నేను ఆమెను చూడలేదు.

ఇన్నేళ్ళకు నువ్వు ఫోనులో "రెండు దినాలు మానేసేదా" అంటే, నీకు చెప్పాల్సిన జవాబు నా దగ్గర ఉంది, చెప్పేశాను. ఆమెను నేను అడిగిన ప్రశ్నే అలాగే ఉండిపోయింది. ఆ కుర్చీలో నీ అంతట నువ్వే కూర్చున్నావా తల్లీ, కూర్చోబెట్టినారా?